ఆడినవాళ్లు నేర్పడానికి నిలబడితే



వేసవి సెలవులు దగ్గర పడేసరికి మా సంఘంలో తల్లిదండ్రులు మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, పాప ఆటల్లో బాగా ముందుంది. స్కూలు టీములో ఆడింది, జిల్లాకు కూడా పోయొచ్చింది. ఇప్పుడు ఇంటర్లో చేర్చాల. ఆట సాగనివ్వమంటారా, మాన్పించేయమంటారా?" ఇంతకు ముందు ఈ ప్రశ్న సందేహంగా వచ్చేది. ఇప్పుడు సగం జవాబుతోనే వస్తోంది. 2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ గారు అన్న మాట ఒకటి ఫోన్లన్నిటిలో తిరిగింది కదా, అదీ కారణం. ఇంట్లో సంపదైనా ఉండాలి, కుటుంబానికి వ్యాపారమైనా ఉండాలి, ఆ రెండూ లేనివాళ్లు పిల్లల్ని ఆటనే బతుకుదెరువుగా నమ్మి దింపవద్దు అని ఆయన చెప్పిన దాని సారం. మా పుత్తూరు, నగరి వైపు మరమగ్గాల మీద బతికే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో ఈ మాట ఎలా పడి ఉంటుందో చెప్పనక్కరలేదు. "చూశారా, అంత పెద్దాయనే చెప్పేశాడు, ఇంక మన బోటి వాళ్లకెందుకు" అని ఒక తండ్రి ఫోను తెచ్చి మా ముందు పెట్టాడు.

ఆ మాటను మేము తేలిగ్గా తీసిపారేయం. అన్నది ఆటంటే తెలియని మనిషి కాదు. ఆడి గెలిచినవాడు, గెలిచాక కూర్చోకుండా నేర్పడానికి దిగినవాడు, ఇరవై ఏళ్లకు పైగా ఎందరో పిల్లల్ని దగ్గరుండి చూసినవాడు. పైకి వచ్చిన పదిమంది పేర్లు మనకు తెలుసు. రాలేక మధ్యలో ఆగిపోయిన పిల్లల ముఖాలు ఆయనకు తెలుసు. ఆ ముఖాలను తలచుకుని అన్న మాట అది అని మా నమ్మకం. అయినా ఆ మాట దగ్గరే ఆగిపోవడం న్యాయం కాదు. ఆ మాట అన్న మనిషి జీవితాన్ని కూడా పక్కన పెట్టి చదవాలి.

గోపీచంద్ గారు ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టారు. చదువు హైదరాబాదులో, సెయింట్ పాల్స్ స్కూలులో, తర్వాత ఏ.వి. కాలేజీలో. అన్నకు ఐఐటీలో సీటు వచ్చింది. తమ్ముడికి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో రాలేదు. అలా తప్పడమే తన అదృష్టమని ఆయన సభల్లో నవ్వుతూ చెబుతుంటారు. మన వైపు ఒక ఇంట్లో అన్నకు సీటొచ్చి తమ్ముడికి రాకపోతే ఆ తమ్ముణ్ణి బంధువులు ఎన్నేళ్లు ఏమంటారో మీకు తెలుసు! ఆ తమ్ముడు 1990లోనూ 1991లోనూ భారత విశ్వవిద్యాలయాల సంయుక్త బ్యాడ్మింటన్ జట్టుకు నాయకుడు. అంటే మొదట కాలేజీ ఆటగాడే. 1994లో ఒక డబుల్స్ ఆటలో మోకాలి స్నాయువు తెగింది. శస్త్రచికిత్సలు జరిగాయి. ఇక ఈయన ఆట అయిపోయిందని అనుకున్నవాళ్లు చాలామంది. 1996 నుంచి వరుసగా అయిదేళ్లు జాతీయ విజేత ఆయనే. 2001 మార్చి 11న ఇంగ్లండులో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అంతకు ముందు 1980లో ప్రకాశ్ పడుకోణె గారు గెలిచారు. మన దేశంలో ఆ కప్పు ఎత్తిన పురుషులు ఆ ఇద్దరే.

అది గెలిచాక శీతల పానీయం కంపెనీ ప్రకటనకు డబ్బు ఇస్తామంటే, తాను తాగనిది పిల్లలను తాగమని చెప్పలేనని వద్దన్నారు. ఇది చాలామంది బోధకులు ప్రసంగాల్లో వాడుకునే ఉదాహరణే. మాకు మాత్రం ఆయన జీవితంలో దానికంటే పెద్ద సంగతి ఆ తర్వాతే మొదలవుతుంది.

గెలిచిన ఆటగాడికి మన దేశంలో చాలా దారులుంటాయి. ఒక పెద్ద ఉద్యోగం, టీవీలో వ్యాఖ్యానం, సన్మాన సభలు. నేర్పే పనిలోకి దిగడం ఆ దారులన్నిటిలో ఎత్తు తక్కువగా కనిపించేది. అకాడమీ కట్టడానికి అప్పటి ప్రభుత్వం గచ్చిబౌలిలో అయిదు ఎకరాలు ఇచ్చింది గానీ కట్టడానికి డబ్బు లేదు. ఒక సంస్థ కార్యాలయంలో మూడు రోజులు వేచి కూర్చుంటే, చివరికి ఒక అధికారి వచ్చి బ్యాడ్మింటన్‌ను చూసేవాళ్లు అంతమంది లేరని చెప్పి పంపేశాడట. ఇది గోపీచంద్ గారే చెప్పుకున్న సంగతి. ఆల్ ఇంగ్లండ్ గెలిచిన మనిషి మూడు రోజులు బెంచీ మీద! ఆ రాత్రి ఇంటికి వెళ్లి కుటుంబంతో మాట్లాడి, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టారు. ఆయన భార్య పి.వి.వి. లక్ష్మి గారు కూడా 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారిణి. ఆమె సరేనకపోతే ఆ సంతకం పడేది కాదు. తర్వాత నిమ్మగడ్డ ప్రసాద్ గారి ఫౌండేషన్ సాయం చేసింది, దేశానికి బ్యాడ్మింటన్‌లో ఒలింపిక్ పతకం తేవాలన్న షరతుతో. 2008లో అకాడమీ తెరిచారు. 2012లో లండన్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016లో రియోలో పి.వి. సింధుకు రజతం వచ్చాయి. షరతు తీరింది.

ఇక్కడ ఒక్క నిమిషం దేశం దాటి వెళ్లాలి. ఎందుకంటే ఆడినవాడు తిరిగి వచ్చి నేర్పేవాడు కావడం అనే ఈ ఆనవాయితీకి బాస్కెట్‌బాల్‌లో ఒక వంశావళి ఉంది, దాని మొదట్లో ఉన్నది మా వృత్తి వాడే. జేమ్స్ నైస్మిత్ కెనడా దేశస్థుడు, మాంట్రియల్‌లో వేదాంత విద్య చదివినవాడు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో పనిచేస్తూ, చలికాలంలో బయట ఆడలేని కుర్రవాళ్ల కోసం 1891 డిసెంబరులో గోడకు రెండు పీచ్ పండ్ల బుట్టలు కొట్టించి ఒక ఆట తయారు చేశాడు. పదమూడు నియమాలు రాశాడు. ఒకరి మీద ఒకరు పడి కొట్టుకోకుండా ఆడే ఆట కావాలన్నది ఆయన ఆలోచన. అందుకే బంతి చేత పట్టుకుని పరుగెత్తకూడదన్నాడు, గురిని తల మీదకి ఎత్తి పెట్టాడు. 1916లో ఆయన ప్రెస్బిటేరియన్ పాదిరిగా అభిషేకం కూడా పొందాడు. కాన్సస్ విశ్వవిద్యాలయంలో మొదటి కోచ్ ఆయనే. తమాషా ఏమిటంటే, ఆట కనిపెట్టిన మనిషి కోచ్‌గా అరవై ఆటలు ఓడి యాభై అయిదే గెలిచాడు. గెలుపుల కంటే ఓటములు ఎక్కువ. ఆయనకు దాని బాధ కూడా పెద్దగా లేదంటారు.

ఆయన దగ్గర ఆడిన కుర్రవాడు ఫాగ్ ఆలెన్. ఒక కాలేజీ వారు ఆలెన్‌ను కోచ్‌గా రమ్మన్నప్పుడు, బాస్కెట్‌బాల్ ఆడతారు గానీ ఎవరైనా నేర్పుతారా అని నైస్మిత్ నవ్వాడట. ఆలెన్ వినలేదు. తాను ఆడిన కాన్సస్‌కే కోచ్ అయ్యాడు, దాదాపు నలభై ఏళ్లు ఆ పనిలో ఉన్నాడు, 590 ఆటలు గెలిపించాడు. మధ్యలో వెళ్లి ఎముకలు, కండరాలు చేత్తో సరిచేసే ఆస్టియోపతి వైద్యం కూడా చదివి వచ్చాడు. ఈ సంగతి మా ఊరివాళ్లకు నచ్చుతుంది! ఆ ఆలెన్ దగ్గర 1952లో గెలిచిన జట్టులో డీన్ స్మిత్ అనే కుర్రవాడు ఎక్కువగా బెంచీ మీద కూర్చునే ఆటగాడు. ఆ బెంచీ ఆటగాడే 1961లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్ అయి 36 ఏళ్లు ఉన్నాడు, 879 ఆటలు గెలిపించాడు. మైకేల్ జోర్డాన్ ఆయన శిష్యుడే. నల్లజాతి వారిని పక్కన కూర్చోనివ్వని కాలంలో తన సంఘ కాపరితో కలిసి ఒక నల్లజాతి విద్యార్థిని తెల్లవాళ్ల హోటల్‌కు తీసుకెళ్లి భోజనానికి కూర్చున్నవాడు. చార్లీ స్కాట్ అనే నల్లజాతి ఆటగాణ్ణి ఆ విశ్వవిద్యాలయ జట్టులోకి తెచ్చినవాడు. 2015లో చనిపోయినప్పుడు, తన దగ్గర ఆడిన ఒక్కొక్కరికి బయట మంచి భోజనం చేయమని 200 డాలర్ల చొప్పున వీలునామాలో రాసి వెళ్లాడు. ఆయన చేతికింద 1988 నుంచి 1992 వరకు ఆడిన హ్యూబర్ట్ డేవిస్ 2021లో అదే విశ్వవిద్యాలయానికి ప్రధాన కోచ్ అయ్యాడు. ఆ పదవికి వచ్చిన తొలి నల్లజాతీయుడు అతడే. మొదటి ఏడాదే జట్టును దేశ ఫైనల్ దాకా తెచ్చి మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాడు. ఓడించింది ఎవరనుకున్నారు? కాన్సస్. నైస్మిత్, ఆలెన్‌ల కాన్సస్.

ఈ వరుస చదివి కాలేజీలో బాగా ఆడినవాళ్లంతా మంచి కోచ్‌లవుతారని అనుకోకండి. ప్యాట్రిక్ ఈవింగ్ అనే ఆయన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి ఆడి 1984లో దేశ విజేతగా నిలిపినవాడు. ఆ కాలేజీ గోడల మీద ఆయన బొమ్మ లేని చోటు ఉండదేమో. 2017లో ఆయన్నే ప్రధాన కోచ్‌గా పిలిచారు. ఒక ఏడాది తమ లీగులో ఆడిన 19 ఆటలూ ఓడారు. 2023లో తీసేశారు. ఆటగాడిగా ఆయన చేతిలో ఉన్నది ఆయన శరీరంలో ఉండింది. అది ఇంకొకరి శరీరంలోకి ఎలా పోతుందన్నది వేరే విద్య. బెంచీ మీద కూర్చున్న స్మిత్‌కు అది వచ్చింది, నక్షత్రమైన ఈవింగ్‌కు రాలేదు. మా వృత్తిలోనూ ఇది చూస్తుంటాం. గొప్ప ప్రసంగికుడు పక్కన ఒక యౌవనస్థుణ్ణి పెట్టుకుని తయారు చేయమంటే చేయలేడు. మాటలు అంతగా రాని ఒక పెద్దాయన చేతికింద నుంచి నలుగురు సేవకులు బయటికొస్తారు.

పుత్తూరు వాళ్లకు ఈ విద్యను గురించి మేము కొత్తగా చెప్పేదేముంది? పుత్తూరు కట్టు అంటే తమిళనాడు, కర్ణాటక నుంచి కూడా చేతులు విరిగినవాళ్లు, కాళ్లు బెణికినవాళ్లు రైలెక్కి వస్తారు. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు, గుడ్డ, వెదురు బద్దలు. ఇందులో రహస్యమని దాచుకునేది పెద్దగా లేదు. ఉన్నదంతా వేళ్లలో ఉంది. ఎముక ఎక్కడ జరిగిందో తడిమి తెలుసుకునే ఆ వేళ్ల తెలివి తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకున్నదే గానీ పుస్తకం చదివి కాదు. కట్టేవాడు గట్టిగా లాగాల్సిన చోట లాగుతాడు, రోగి అరుస్తాడు. అరిచాడని వదిలేస్తే ఎముక వంకరగా అతుక్కుంటుంది. అవసరం లేని చోట లాగితే వాడు వైద్యుడే కాడు.

రియోకి ముందు సింధు విషయంలో గోపీచంద్ గారు చేసిన పని చూడండి. ఆ పాప సహజంగా మెత్తన. ఆటలో గొంతెత్తదు. యాభై మంది ఆటగాళ్లు, కోచ్‌ల ఎదుట కోర్టు మధ్యలో నిలబెట్టి, గట్టిగా అరిస్తే గానీ రాకెట్ ముట్టుకోనివ్వనన్నారట. ఆ పిల్ల ఏడ్చింది. చివరికి అరిచింది. మూడు నెలలు ఫోను తీసేసుకున్నారు. ఇది విని కొందరు తల్లిదండ్రులు ఆహా అంటారు, కొందరు ఇదేం శిక్ష అంటారు. మా అభిప్రాయం ఏమిటంటే, తెల్లవారకముందే కోర్టులో తానూ నిలబడే మనిషికే ఆ హక్కు ఉంటుంది. అకాడమీలో పిల్లలు నాలుగున్నరకు వస్తే ఆయన అప్పటికే లేచి ఉండేవారు. కుర్చీలో కూర్చుని విజిల్ ఊదుతూ పిల్లల్ని ఏడిపించే వాళ్లు ఉన్నారు, వాళ్లు గోపీచంద్ పేరు చెప్పుకోకూడదు. ఆడపిల్లల విషయంలో అయితే మరీ జాగ్రత్త కావాలి. నేర్పేవాడికి పిల్లల మీద ఎంత అధికారం ఉంటుందో, దాన్ని అడ్డం పెట్టుకుని ఎంత చెడు జరగగలదో మనం పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. తలుపులు తెరిచి ఉన్న మైదానం, పక్కన ఇంకో పెద్ద మనిషి, వీలైతే నేర్పేది ఆడమనిషి కావడం, ఇవి తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడగాల్సినవి.

ఆయన మీద విమర్శలు లేవా అంటే ఉన్నాయి. జాతీయ ప్రధాన కోచ్ పదవి, సొంత అకాడమీ, ఎంపికలో మాట, ఇవన్నీ ఒకే చేతిలో ఉండకూడదని డబుల్స్ క్రీడాకారిణి జ్వాల గుత్తా గారు ఏళ్ల తరబడి బహిరంగంగా చెప్పారు. ఆ విమర్శలో న్యాయం ఉందనే అనుకుంటాం. సంఘాల్లోనూ ఖజానా, ప్రసంగ వేదిక, ఎన్నిక అన్నీ ఒక్కరి దగ్గరే ఉంటే ఏమవుతుందో చూసినవాళ్లమే. తర్వాత జ్వాల గారు కూడా హైదరాబాదు దగ్గర సొంత అకాడమీ పెట్టారు. తిట్టుకున్న ఇద్దరూ చివరికి చేస్తున్నది పిల్లలకు నేర్పడమే. అది బాగుంది.

కోచ్ జీవితంలో మాకు అన్నిటికంటే కష్టంగా తోచేది వదిలిపెట్టడం. 2014లో సైనా ఆయన్ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ గారి దగ్గరికి వెళ్లారు. అక్కడే 2015లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. పెంచిన చెట్టు ఇంకొకరి పెరట్లో కాసింది. 2017లో ఆమె తిరిగి వస్తే ఆయన తలుపు తెరిచారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు కోచ్‌ల సంఖ్య మీద పరిమితి ఉంటే, ఇండోనేషియా నుంచి వచ్చిన కోచ్ ఆగుస్ ద్వి సంతోసోకు చోటివ్వడానికి తాను వెళ్లడం మానుకున్నారు. సింధు అక్కడ కొరియా కోచ్ పార్క్ తే-సాంగ్ శిక్షణలో కాంస్యం గెలిచారు. ఆ రోజు టీవీలో కుర్చీలో కూర్చుని చేతులెత్తింది పార్క్ గారు. ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి హైదరాబాదులో ఉన్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను గురించి ఎన్ని సార్లు ప్రసంగించినా, తన శిష్యులు లేచి ఇంకొకరి వెంట వెళ్లిపోతుంటే చూస్తూ నిలబడడం ఎలా ఉంటుందో ఇలాంటి సంగతుల్లోనే మాకు కొంచెం తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఫిబ్రవరి మాటకు వద్దాం. ఆటనే జీతంగా నమ్మి చదువు వదిలేయవద్దన్నంత వరకు గోపీచంద్ గారితో మాకు పేచీ లేదు. పదో తరగతి పిల్లను చదువు మాన్పించి పొద్దంతా కోర్టులో పెట్టమని మేమెవరికీ చెప్పం. కానీ ఆ మాటను మన ఊళ్లలో వేరేగా వాడుతున్నారు. పిల్ల అసలు ఆడనే వద్దు, గ్రౌండుకే పోవద్దు, సాయంత్రం కూడా స్టడీ అవర్‌లో కూర్చోవాలి, ఎందుకంటే గోపీచందే చెప్పాడు! ఆయన చెప్పింది అది కాదు. గ్రౌండే లేని మూడంతస్తుల భవనాల్లో ఇంటర్ కాలేజీలు నడుస్తున్నాయి. ఉన్న హైస్కూళ్లలో పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటాడు. ఈ పరిస్థితిలో ఆట మానమని చెప్పడానికి గోపీచంద్ అవసరం లేదు, ఎప్పుడో మాన్పించేశారు.

ఇంకో సంగతి. గచ్చిబౌలి దాకా చేరిన పిల్లలు గచ్చిబౌలిలో పుట్టలేదు. సింధుకు మొదట రాకెట్ పట్టుకోవడం నేర్పింది సికింద్రాబాదు రైల్వే కోర్టుల్లో మెహబూబ్ అలీ గారు. సైనాకు మొదటి గురువు నాని ప్రసాద్ గారు. గోపీచంద్‌కే చిన్నప్పుడు నేర్పినవారు ఎస్.ఎం. ఆరిఫ్ గారు. 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి మన దేశం మొదటిసారి థామస్ కప్ గెలిచిన జట్టులో సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు కదా, అతనిది అమలాపురం. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. ఒకప్పుడు తానూ బ్యాడ్మింటన్ ఆడినవాడు. చిన్న ఊళ్లో ఒక పీఈటీ సారు ఇంట్లో పిల్లల చేతికి రాకెట్ ఇచ్చాడు, అంతే. ఆ సారు లేకపోతే గచ్చిబౌలిలో ఎన్ని కోర్టులుంటే ఏం లాభం?

హైదరాబాదు పెద్దలకు ఇంకా పాత జ్ఞాపకం ఉంటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులు, ఉస్మానియాలో ఫుట్‌బాల్ ఆడినవారు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి వెళ్లింది. క్యాన్సరుతోనే ఆ జట్టు వెంట ఉన్నారు, మరుసటి ఏడాది పోయారు. మనం పంతుళ్లను తక్కువగా చూస్తాం గానీ చరిత్ర చూడదు.

మన వైపు "డ్రిల్లు మాస్టరు" అన్న మాటలోనే ఒక చిన్నచూపు ఉంది. వర్షం వస్తే సెలవు, ఎన్నికలొస్తే డ్యూటీ, మిగతా రోజుల్లో గేటు దగ్గర ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఆపే కాపలా. ఇదే పని అనుకుంటాం. మదరాసులో 1920లో హ్యారీ క్రో బక్ గారు వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టినప్పుడు ఉద్దేశం అది కాదు. ఆయన అమెరికా నుంచి వచ్చి, 1924 పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశపు జట్టును వెంటబెట్టుకుని వెళ్లి, చివరికి 1943లో ఈ నేల మీదే కన్నుమూశారు. నైస్మిత్ ఆట మన దక్షిణాదికి వచ్చిన దారి ఆ వై.ఎం.సి.ఏ. దారే. పుత్తూరు నుంచి నందనం ఎంత దూరం? పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి ముందే చేరతాం. ఆ కాలేజీలో చదివి వచ్చిన పాత వ్యాయామోపాధ్యాయుల గురించి మా వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. తెల్ల ప్యాంటు, మెడలో విజిలు, లైను తప్పితే ఊరుకోని కళ్లు.

ఇప్పుడు అసలు విషయం. మా సంఘంలో ఒక చెల్లి ఉంది. పేరు రాయడం ఆమెకు ఇష్టం లేదు. డిగ్రీలో ఉండగా యూనివర్సిటీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడింది. పెళ్లయ్యాక ఆట ఆగింది. ఇద్దరు పిల్లలు కొంచెం పెద్దయ్యాక భర్తను ఒప్పించి బీపీఈడీ చేసింది. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. జీతం చెప్పుకోదగ్గది కాదు, సెలవుల నెలలో అదీ లేదు. "అంత ఆడి చివరికి విజిల్ ఊదే పనా అమ్మా" అని బంధువులు అన్నారట. ఆ మాట మాకు చెప్పి నవ్వింది గానీ నవ్వు మొత్తంగా రాలేదు. ఇలాంటి వాళ్లను సేవ, త్యాగం అని పొగిడి జీతం మాట ఎత్తకుండా తప్పుకోవడం మన సంఘాలకు బాగా అలవాటు. మందిరంలో వాయించే కుర్రవాడి దగ్గర నుంచి ఆదివారపు బడి అక్క దాకా అందరికీ ఇదే చేస్తాం. నైస్మిత్‌కు కాన్సస్ జీతమిచ్చింది. బక్ గారిని పంపినవాళ్లు ఆయన ఖర్చు చూశారు. గోపీచంద్ గారికి కూడా ఎవరో చెక్కు రాశారు కాబట్టే గోడలు లేచాయి. గోపీచంద్ గారి మాటలో మనం వినాల్సిన భాగం ఇదే. డబ్బు లేనివాళ్లను ఆటలో ఒంటరిగా వదిలేస్తున్నాం అన్నది.

ఆ చెల్లి మమ్మల్ని అడిగింది ఒక్కటే. మందిరం వెనక ఖాళీ స్థలం ఉంది కదా అయ్యగారూ, అక్కడ ఒక స్తంభం పాతి రింగు పెడితే సాయంత్రాలు గంటన్నర ఆడపిల్లలకు నేర్పుతాను అని. ఏ మతం పిల్లలైనా రావచ్చు, ప్రార్థనకు కూర్చోబెట్టే పని లేదు, ఊరికే ఆట అని కూడా చెప్పింది. అందుకు మేము ఆమెను మెచ్చుకున్నాం. ఆట పేరు చెప్పి పిలిచి ఇంకేదో చేయడం మోసం.

సంఘ పెద్దల్లో ఇద్దరు అడ్డు చెబుతున్నారు. దేవుని స్థలంలో ఆడపిల్లలు ట్రాక్ ప్యాంట్లు వేసుకుని ఎగరడమేమిటని ఒకరు. బంతి తగిలి కిటికీ అద్దాలు పగిలితే ఎవరు కడతారని ఇంకొకరు. రెండో ప్రశ్నకు మా దగ్గర జవాబుంది, ఆ కిటికీకి జాలీ వేయిస్తాం. మొదటి ప్రశ్నకు జవాబు, ఈ ఆటను చేసినవాడే ఒక పాదిరి అని. చలికాలంలో చేతులు కట్టుకు కూర్చున్న పిల్లలు పాడైపోకూడదని చేశాడు. మన పిల్లలకు చలికాలం లేదు. ఫోను ఉంది. మందిరపు ఆవరణలో ఆడపిల్లలు చెమటోడ్చి ఆడితే దేవునికి అవమానమని మేము నమ్మం. చీకటి పడ్డాక ఎక్కడ ఉన్నారో తెలియకుండా ఉండడం కంటే, అమ్మగారి వంటింటి కిటికీలోంచి కనబడే చోట ఉండడం మేలు. చెల్లికి నెలకు ఇంత అని సంఘం ఇవ్వాలన్నది కూడా మేము పెట్టబోయే మాటే. అద్దాల కంటే దీని మీదే ఎక్కువ గొడవ అవుతుందని మాకు తెలుసు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పెద్దల సమావేశం. కూతురు ఫోను మా ముందు పెట్టిన ఆ తండ్రిని కూడా రమ్మన్నాం. ఆయన మరమగ్గాల షెడ్డుకు ఇనుప పని చేయించినవాడు, స్తంభం ఎవరు తక్కువలో వెల్డింగు చేస్తారో తెలుసు. రింగు నేల నుంచి సరిగ్గా పది అడుగుల ఎత్తులో ఉండాలని చెల్లి మరీ మరీ చెప్పింది. చిన్న పిల్లలే కదా, ఎనిమిదడుగులకు పెడదాం అని ఎవరో అంటే ఒప్పుకోలేదు.